పడుగు అయిపోయాక

మా తాతయ్యకి సూదంటే భయం లేదు. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ విషయం విన్నవాళ్ళందరూ "పాపం, పెద్దాయన భయపడుంటాడులే" అని నాకే ధైర్యం చెబుతారు. భయపడేవాడైతే నా పని సులువయ్యేది. భయాన్ని నేను రోజూ కౌంటర్ దగ్గర చూస్తాను, దానికి నా దగ్గర మాటలున్నాయి. మా తాతయ్య కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్న తరం మనిషి. కరోనా టీకాలకి ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని వీధిలో అందరికంటే ముందు వెళ్ళి లైన్లో నిలబడ్డాడు. రెండో డోసుకి వెళ్ళినప్పుడైతే సూది ఎలా గుచ్చితే నొప్పి తక్కువో నర్సమ్మకి సలహా కూడా ఇచ్చి వచ్చాడు.

నేను విజయవాడలో ఒక ఆసుపత్రి మందుల షాపులో ఫార్మసిస్టుని. అమ్మా నాన్నా నేనూ భవానీపురంలో ఉంటాం. నాన్న వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టులో పని చేస్తాడు. తాతయ్యా నాయనమ్మా పెడనలో మగ్గం ఉన్న ఇంట్లో ఉంటారు. మేం వాళ్ళని వదిలేసి వచ్చామని అనుకోకండి, రమ్మని పిలిచాం. "వస్తా గానీ, మీ ఇంట్లో గొయ్యి తవ్వుకోనిస్తారా?" అని అడిగాడు తాతయ్య. ఆయనది గుంట మగ్గం. నేలలో నడుం లోతు గొయ్యి, అందులో కాళ్ళు పెట్టుకుని అంచు మీద కూర్చుని తొక్కుతూ నేస్తారు. మేముండేది మూడో అంతస్తు. గొయ్యి తవ్వాలంటే రెండో అంతస్తు వాళ్ళని అడగాలి. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

కిందటేడు చలికాలం తాతయ్యకి నెమ్ము చేసింది. న్యుమోనియా అని మేం చీటీలో రాస్తాం, నెమ్ము అని మా నాయనమ్మ అంటుంది, ఊపిరి ఆడకపోవడం మాత్రం రెండిటిలోనూ ఒకటే. విజయవాడ తీసుకొచ్చి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచాం. ఇంటికి పంపేటప్పుడు ఊపిరితిత్తుల డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "యాభై ఏళ్ళు నూలు దుమ్ము పీల్చిన ఛాతీ అమ్మా అది. ఒక నెల పోయాక నెమ్ము టీకా వేయించండి. ఇంకోసారి ఇలా వస్తే లాక్కురావడం కష్టం" అన్నారు. నేను తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చు, రోజూ చేసే పనే.

ఆ టీకా అమ్మేది నేనే. ఎవరో ఒకరి తాతకి నా చేత్తో ఇస్తూనే ఉంటాను. "ఇది వేయించుకుంటే ఇంక నెమ్ము రాదా అండీ?" అని అడుగుతారు. ఉన్నమాట చెబుతాను. అన్ని రకాలనీ ఆపదు, మనిషిని మంచాన పడేసే రకాల్లో కొన్నిటిని ఆపుతుంది, మీ వయసుకి అది చిన్న విషయం కాదు అంటాను. తెల్లకోటు చూసి నమ్ముతారు. మా తాతయ్య దగ్గర ఆ కోటు పనిచేయదు. లంగా అంచుతో నేను ముక్కు తుడుచుకున్న రోజులు ఆయనకి ఇంకా గుర్తే.

నెల గడిచాక ఫోన్ చేశాను.

"తాతయ్యా, నీకు టీకా తెస్తున్నా."

"దేనికే?"

"నెమ్ముకి."

"తగ్గిపోయిందిగా."

"మళ్ళీ రాకుండా."

"రాకపోతే టీకా దేనికి?"

"వస్తుందనే."

"ఇప్పుడేగా రాదన్నావ్."

నేను రెండు అడుగులు వెనక్కి వేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే అందుకున్నాడు.

"అయినా అది పసిపిల్లలకేసే సూదంటగా. నాకేమన్నా పళ్ళొస్తన్నాయంటే పిల్లా?"

"పోతున్నాయి తాతయ్యా."

"అదీ."

అవతల కాసేపు మగ్గం చప్పుడే వినిపించింది. తర్వాత ఆయనే అన్నాడు, "సర్లే. ఈ పడుగు అయిపోనియ్. ఏయించుకుంటా."

నాకు లాటరీ తగిలినట్టయింది. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగదీసి కట్టే దారాల వరస. వాటి మధ్యలోంచి అడ్డంగా పేక దారం పోతుంటే చీర తయారవుతుంది. తాతయ్య మగ్గం మీదున్నది ఎనిమిది చీరల పడుగని నాయనమ్మ చెప్పింది. ఒక్కో చీరకి ఆయన ఇప్పుడు అయిదు రోజులు తీసుకుంటున్నాడు. లెక్క వేసి ఫోన్లో అలారం పెట్టుకున్నాను. మనుషుల మాటని తారీఖులోకి మార్చుకోవడం మా వృత్తిలో అలవాటు.

అలారం మోగిన ఆదివారం టీకా సిరంజిని ఐసు ప్యాకుల మధ్య థర్మకోల్ డబ్బాలో పెట్టుకుని బందరు బస్సెక్కాను. థర్మకోల్ డబ్బాతో బందరు బస్సెక్కితే ఎవరైనా ఒకటే అనుకుంటారు. పక్క సీట్లో ఒకావిడ, విజయవాడలో ఎండుచేపలు అమ్ముకుని ఖాళీ గంపలతో వెనక్కి వెళ్తోంది. డబ్బా వంక వృత్తి రీత్యా చూసింది.

"రొయ్యలా?"

"కాదండీ. టీకా."

"ఎవరికి, పిల్లాడికా?"

"మా తాతయ్యకి."

ఆవిడ ఒక నిమిషం ఆలోచించింది. "బందరెల్లే బస్సులో డబ్బా ఎదురు తీసుకెళ్తన్నావేంటా అనుకున్నా. మా చేపలు ఇటొస్తాయి గానీ అటెళ్ళవు." తర్వాత జాలిగా, "ఏయించుకుంటాడా?" అంది.

"మాటిచ్చాడండీ."

"ఓహో," అని ఆవిడ కిటికీ వైపు తిరిగింది. నేనా 'ఓహో'ని పట్టించుకోలేదు.

పెడనలో మా వీధి ఆర్.ఎం.పి. డాక్టరు గారిని ముందే పిలిచి కూర్చోబెట్టాను. తాతయ్య గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. నన్ను చూసి నవ్వి గడ్డంతో మగ్గం వైపు చూపించాడు. "పడుగు ఇంకా ఉందే, సూడు." నిజమే, గోడ దాకా పచ్చగా సాగి ఉంది. మధ్యలో జ్వరమో, పండగో వచ్చి ఆలస్యమైందనుకున్నాను. డాక్టరు గారు కాఫీ తాగి వెళ్ళిపోయారు. నేను డబ్బాతో వెనక్కి వచ్చాను. బయట తిరిగొచ్చిన టీకాని మళ్ళీ అమ్మకూడదు. డబ్బులు నేనే కట్టేసి, షాపు ఫ్రిజ్‌లో ఒక మూల 'తాతయ్య' అని రాసి పెట్టుకున్నాను.

రెండోసారి ఇంకో నెలన్నర ఆగి వెళ్ళాను. డాక్టరు గారు ఈసారి టిఫిన్ కూడా చేశారు. తాతయ్య మళ్ళీ గడ్డంతో చూపించాడు. పడుగు గోడ దాకా సాగి ఉంది, కాకపోతే ఈసారి మెరూన్ రంగులో. నేను ఫార్మసిస్టుని. మాత్ర రంగు కాస్త మారితే కంపెనీకి ఫోన్ చేసి గొడవపెట్టే మనిషిని. పడుగు రంగు మారితే మాత్రం "బాగుంది తాతయ్యా" అని మెచ్చుకుని వచ్చాను.

మూడోసారి డాక్టరు గారికి తప్ప ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ. తాతయ్య నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. మగ్గం వెనక నాయనమ్మ పీట మీద కూర్చుని ఉంది, పక్కన కొబ్బరి చిప్పలో బూడిద. పట్టు జారకుండా రెండు వేళ్ళకి బూడిద అద్దుకోవడం, ఒక దారం కొస ఇటునుంచి, ఒక దారం కొస అటునుంచి పట్టుకోవడం, మెలి తిప్పడం, వదలడం. మళ్ళీ బూడిద. ఆ వేళ్ళు కంటికి అందనంత వేగంగా పోతున్నాయి.

"ఏం చేస్తున్నావ్?"

"అతుకుతన్నా."

"ఏం అతుకుతున్నావ్?"

"పడుగు."

"మరి ఆ పడుగు అయిపోయిందా?"

నాయనమ్మ వేళ్ళు ఆపకుండానే నా వంక చూసింది. "అయిపోవడమేంటే? అయిపోతే మగ్గం ఎత్తేసినట్టేగా!"

అప్పుడు చెప్పింది. పడుగుని ఎవరూ చివరిదాకా నేయరు. జానెడు మిగలగానే ఆపేస్తారు. ఆ మిగిలిన కొసలు అప్పటికే మగ్గానికి దువ్వెనలా ఉండే అచ్చు పళ్ళ సందుల్లోంచి ఒక్కొక్కటిగా దూరి ఉంటాయి. కొత్త పడుగు పోగుల్ని వాటికి మెలేసి అతికితే, పాతదాని వెంట కొత్తది దానంతటదే దూరి వస్తుంది. కొసలు వదిలేశామా, వేల పోగులూ మళ్ళీ మొదటినుంచీ గుచ్చుకోవాలి. అందుకని ఒకటి పోకముందే ఇంకోటి దాని తోక పట్టుకుంటుంది. తాతయ్య మగ్గం మీద పడుగు ఆయన పెళ్ళి నాటికే ఉంది. అది ఇంతవరకూ అయిపోలేదు. మా వీధిలో ఎవరింట్లోనైనా "పడుగు అయిపోయింది" అన్నారంటే, మగ్గం ఊడదీసి చెక్కలు అటక మీద పెట్టారని అర్థమట. అలాంటి ఇళ్ళు ఎడం పక్క మూడు, కుడి పక్క రెండు ఉన్నాయి.

అంటే ఆయన నాకు చాలా మర్యాదగా వేయించుకోనని చెప్పాడు. వీధిలో చిన్నపిల్లకైనా అర్థమయ్యే భాషలో చెప్పాడు. ఆ ఇంటి మనవరాలినే అయినా నేను అలారం పెట్టుకున్నాను.

మంచం దగ్గరికెళ్ళి నిలబడ్డాను. కళ్ళు మూసుకునే ఉన్నాడు గానీ నిద్రపోవడం లేదు. నిద్రలో ఆయన ఛాతీ పిల్లికూతలు పెడుతుంది.

"అబద్ధం ఆడావ్ తాతయ్యా."

"ఎక్కడే? అయిపోయాక ఏయించుకుంటానన్నా. అయిపోలా."

"ఎందుకు వేయించుకోవు? అది చెప్పు."

కళ్ళు తెరిచాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చేయలేదు. "కరోనా సూదికి చెయ్యి రెండ్రోజులు లాగింది. రెండ్రోజులు మగ్గం ఆపా. మూడో రోజు గుంటలో దిగుతుంటే కాళ్ళు దిగనన్నాయి. మీ నాయనమ్మ రెక్క పట్టుకుని దింపింది. నెమ్ము తగ్గినాక దిగడానికి వారం పట్టింది. ఇంకోసారి ఆగితే ఇంక ఆగినట్టే. నాకు తెలుసు."

"నెమ్ము మళ్ళీ వస్తే ఆగేది మగ్గం ఒక్కటే కాదు."

"అది వచ్చినప్పుడు సూద్దాం. సూది మాత్రం కచ్చితంగా రెండ్రోజులు ఆపుద్ది. నువ్వే చెప్పావ్."

నేనే చెప్పాను. చెయ్యి ఒకట్రెండు రోజులు నొప్పిగా ఉంటుంది అని ఎవరికైనా చెప్పాలి, మా ఉద్యోగంలో అది నిజాయితీ. జబ్బు 'రావచ్చు', నొప్పి 'ఉంటుంది'. డాక్టరు గారు ఆరోజు గుమ్మం దాకా వచ్చి, నా మొహం చూసి, కాఫీ కూడా అడగకుండా వెనక్కి తిరిగారు.

తర్వాత నాన్న వెళ్ళి అరిచి వచ్చాడు. అమ్మ వెళ్ళి ఏడ్చి వచ్చింది. నేను ఫోన్లో రోజూ జోకులు వేశాను. మూడిటి ఫలితమూ ఒకటే.

కార్తీకంలో చలి మొదలైన వారానికే తాతయ్యకి జ్వరం వచ్చింది. మూడో రోజుకి మాట మధ్యలో ఊపిరి తీసుకోవలసి వచ్చింది. నాన్న కారు మాట్లాడి తీసుకొచ్చాడు. అదే ఆసుపత్రి, అదే డాక్టరు. ఆయన నా వంక చూసి, "టీకా వేయించారామ్మా?" అని అడిగారు. లేదన్నాను. ఆయన స్టెతస్కోపు చెవులకి పెట్టుకున్నారు. తిడితే బాగుండేది.

ఆక్సిజన్ పెట్టారు. రెండో రోజు దుప్పటి కింద తాతయ్య కాళ్ళు ఒకటి మార్చి ఒకటి కదలడం మొదలైంది. నర్సు ఫిట్స్ అనుకుని పరుగున వెళ్ళి డాక్టర్ని తీసుకొచ్చింది. నాన్న ఇబ్బందిగా, "ఫిట్స్ కాదండీ, నేస్తున్నాడు" అన్నాడు. డాక్టరు కాళ్ళ వంక చూశారు, కేసు షీటులో ఏం రాయాలో తెలియక పెన్ను మూసేశారు.

నాలుగో రోజు తాతయ్య మాస్కు పక్కకి జరిపి మొదటి మాట మాట్లాడాడు. "పడుగొచ్చిందా?"

వచ్చింది. ఆరోజు పొద్దునే నాయనమ్మ నాకు ఫోన్ చేసింది. జ్వరం వచ్చేనాటికి మగ్గం మీద జానెడే మిగిలి ఉందట. నూలిచ్చి నేయించుకునే షావుకారు గుమాస్తా కొత్త పడుగు ఇంట్లో పెట్టి, పరిస్థితి చూసి, ఆదివారం వస్తానన్నాడట. అప్పటికి అతక్కపోతే పట్టుకెళ్ళి ఇంకో ఇంట్లో ఇస్తాడు. ఆ తర్వాత ముసలివాళ్ళ ఇంటికి పడుగు తేడు.

"ఏం చేద్దామే?" అంది నాయనమ్మ.

మా ఇంట్లో పెద్ద నిర్ణయాలు నన్ను అడగడం అదే మొదలు. సెలవు పెట్టి బస్సెక్కాను. ఈసారి ఒళ్ళో డబ్బా లేదు. గుడివాడ దాకా ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. అతకొద్దు. మగ్గం ఖాళీ అయితే ఆయన మాట ఆయన మీదే పడుతుంది, మాట తప్పే మనిషి కాదు. కోలుకున్నాక టీకా వేసేద్దాం. వచ్చే చలికాలం ఉంటాడు. చాలా తెలివైన ఆలోచన, నాకే ముచ్చటేసింది.

నాయనమ్మ మగ్గం వెనక పీట మీద కూర్చుని ఉంది. పక్కన బూడిద ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"నీకోసమే చూస్తన్నా. అతకమంటావా, వద్దంటావా?"

"నువ్వేమంటావ్?"

"నాకు రెండూ తెలుసు. అతికితే సూది ఏయించుకోడు. అతక్కపోతే ఏయించుకుంటాడు." ఆగింది. "ఏయించుకుని ఏం చేస్తాడు?"

షాపులో అందరూ భోజనానికి ముందా, తర్వాతా అని అడుగుతారు. పాలతోనా, నీళ్ళతోనా అని అడుగుతారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "బతుకుతాడు" అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. నాయనమ్మకి అటుపక్క గుమ్మంలోంచి వీధి అవతలి ఇల్లు కనిపిస్తోంది. రెండేళ్ళ కిందట పడుగు అయిపోయిన ఇల్లు. అరుగు మీద ఆ ఇంటాయన కూర్చుని ఉన్నాడు. మేం ఎప్పుడు వెళ్ళినా అక్కడే ఉంటాడు. ఆయనకి టీకాలన్నీ వేయించారు, నేనే పంపాను. ఆరోగ్యంగా ఉన్నాడు. వీధిలో పోయే ఆటోలు చూస్తుంటాడు.

"నువ్వు వద్దంటే లేస్తా," అంది నాయనమ్మ. నిజంగానే లేచేది.

నేనేమీ అనలేదు. అనకపోవడమే అనడం అయింది. ఆమె వేళ్ళకి బూడిద అద్దుకుంది. కాసేపు చూసి, నేను కూడా పక్కన కూర్చుని చెయ్యి చాపాను. "పక్క పోగు ముట్టుకోకుండా పట్టుకో. తడి చేత్తో ముట్టకు. ఏడిస్తే అటు తిరిగి ఏడు," అంది. రెండు రోజులు అతికాం. ఆమె వంద అతికేలోపు నేను ఆరు అతికేదాన్ని, అందులో రెండు ఊడిపోయేవి. ఆదివారం గుమాస్తా వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చూసి, "సరే" అని వెళ్ళిపోయాడు. తాతయ్యకి టీకా వేయించగలిగే ఒకే ఒక్క దారిని నా చేత్తోనే మూసేశాను, అదీ వంకర టింకరగా.

తాతయ్యని ఈసారి కూడా లాక్కొచ్చారు. కష్టమన్న డాక్టరు ఆ కష్టమంతా పడ్డారు. పద్దెనిమిది రోజులు పట్టింది. ఇంటికొచ్చిన మనిషి బరువు సగం తగ్గి, చొక్కాలో ఇంకొకరికి చోటున్నట్టు ఉన్నాడు. గుమ్మం దాటగానే మగ్గం దగ్గరికే పోయాడు. గోడ పట్టుకుని, పడుగు మీద అరచెయ్యి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిపించి ఒకచోట ఆపాడు.

"ఇక్కడెవరే అతికింది?"

"నేనే."

"తెలుస్తానే ఉంది."

మళ్ళీ గుంటలోకి నాన్నా నాయనమ్మా రెండు రెక్కలూ పట్టుకుని దించారు. అది వారం తర్వాత. పేకని నాలుగుసార్లు అటూ ఇటూ పోనిచ్చి దగ్గాడు. ఇంకో రెండుసార్లు పోనిచ్చి ఆగాడు. నేను అతికిన పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయి. తిట్టకుండా, వంగి వాటిని మళ్ళీ అతుక్కుంటున్నాడు. ఇప్పుడాయన రోజు పని ఎక్కువగా అదే, నేను అతికినవి తెగడం, ఆయన అతకడం. రోజుకి నాలుగు వేళ్ళ మేర నేస్తున్నాడు. ఆ లెక్కన ఎనిమిది చీరలకి ఎంత కాలం పడుతుందో ఫోన్లో వేయబోయి, మధ్యలో ఆపేశాను.

డాక్టరు చెప్పిన నెల గడవగానే డబ్బా పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. పాత సిరంజి గడువు చూశాను, ఇంకా ఉంది. టీకాకే ఉంది. తాతయ్య నన్ను చూశాడు, డబ్బాని చూశాడు, పడుగుని చూశాడు. గడ్డం ఎత్తే ఓపిక కూడా లేక, కళ్ళతోనే చూపించాడు.

"ఇంకా ఉందిగా," అన్నాడు.

"ఉంది తాతయ్యా."

ఈసారి డబ్బా వెనక్కి తీసుకురాలేదు. సిరంజిని నాయనమ్మ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టి, పై గడిలో మాత్రం పెట్టొద్దని, గడ్డ కడితే పాడైపోతుందని మూడుసార్లు చెప్పాను. ఆర్.ఎం.పి. డాక్టరు గారిది మూడిళ్ళ అవతలే. తాతయ్య ఊ అన్న నిమిషంలో ఆయన్ని పిలవాలి, అంతే. నాయనమ్మ ఆ సిరంజిని ఒక ఉతికిన గుడ్డలో చుట్టి పెట్టింది. పేక నూలు ఉండల్ని కూడా అలాంటి గుడ్డలోనే చుడుతుంది.

కరెంటు పోతే మాత్రం కంగారు. వేసవి వస్తోంది, పెడనలో కరెంటు తన ఇష్టం వచ్చినట్టు పోతుంది. అందుకని రోజూ షాపు తెరవగానే ఫోన్ చేస్తాను.

"నాయనమ్మా, కరెంటుందా?"

"ఉంది."

"పడుగు?"

"ఉంది."

"తాతయ్య?"

మగ్గం చప్పుడు వినిపిస్తుందేమోనని ఫోన్ గట్టిగా చెవికి ఆనించుకుంటాను. నాయనమ్మ కూడా ఫోన్ కాస్త అటు తిప్పి పట్టుకుంటుందనుకుంటాను. కౌంటర్ అవతల ఎవరో తెల్ల మీసాలాయన, చేతిలో చీటీ పట్టుకుని, నా కోసం ఎదురుచూస్తుంటాడు.